బినోందో నుంచి ఇంటిదాకా

బినోందో చర్చి ముందు, ఎనిమిది పలకల గంటగోపురం పక్కన నిలబడి పెర్లిటా మళ్ళీ ఒకసారి గౌను మడతలు సవరించుకుంది. ఆకుపచ్చ పూల గౌను. భర్త రొడెల్ బతికుండగా కొన్నది. రెండేళ్ళుగా బీరువాలోంచి బయటికి తీయలేదు.

ఆదివారం మధ్యాహ్నం ప్రార్థన ముగిసి జనం మెట్లు దిగి వస్తున్నారు. ఒకామె మల్లెదండలు పట్టుకుని వచ్చేపోయేవాళ్ళకి అడ్డం పడుతోంది. గుర్రబ్బండివాడు బండిలోనే కాళ్ళు చాపుకుని కునుకు తీస్తున్నాడు. ఆకాశం మూసుకుని ఉంది, వాన మాత్రం ఇంకా మొదలవలేదు.

గ్లెండా వస్తుందో రాదో అని పెర్లిటా మాటిమాటికీ వీధి మొదలు వైపు చూస్తోంది.

ఇద్దరూ ఇక్కడే, చైనావాళ్ళ పేటలోని ఈ వీధుల్లోనే పెరిగారు. చైనా బళ్ళో ఒకే బెంచీ. ఒకరి డబ్బాలోది ఇంకొకరు తినేవాళ్ళు. తర్వాత గ్లెండా పెద్ద ఇనుప సామాన్ల వ్యాపారం ఉన్న ఇంటికి కోడలైంది. పెర్లిటా మాత్రం జీప్నీ బళ్ళు బాగుచేసే రొడెల్‌ని కట్టుకుంది. చైనావాళ్ళ పిల్ల ఫిలిప్పినో కుర్రాణ్ణి చేసుకోవడం అప్పట్లో ఇక్కడ చిన్న విషయం కాదు. పెర్లిటా తండ్రి ఏడాది తిరక్కుండానే మెత్తబడ్డాడు గానీ గ్లెండా అత్తగారు మెత్తబడలేదు. ఎవరిదో పెళ్ళివిందులో, నిండు బల్ల దగ్గర, ముసలావిడ గొంతెత్తి అంది: "కులం తప్పినదాని పక్కన మా కోడలు కూర్చోదు. లే, గ్లెండా."

గ్లెండా లేచింది. తల వంచుకుని అవతలి బల్లకి వెళ్ళిపోయింది. అదే ఆఖరు. ఫోను లేదు, పలకరింపు లేదు. రొడెల్ పోయినప్పుడు కూడా రాలేదు.

అలాంటి గ్లెండా నిన్న సాయంత్రం ఫోను చేసింది. "పెర్లీ, రేపు బినోందోకి రావే. చిన్నప్పటిలా వీధులన్నీ తిరుగుదాం. నిన్ను చూడాలని ఉంది." అని ఏడ్చింది. పెర్లిటా కూడా ఏడ్చింది. ఆ రాత్రి సంతోషంతో నిద్రపట్టలేదు.

"ఏమే, ఇంకా అంత పొట్టిగానే ఉన్నావా!"

వెనక నుంచి వచ్చిన గొంతు విని పెర్లిటా గిరుక్కున తిరిగింది. గ్లెండా నవ్వుతూ నిలబడి ఉంది. చిక్కిపోయింది. కళ్ళ కింద నల్లటి గుంటలు. ఇంత ఉక్కలో కూడా ముదురు నీలం కోటు మెడదాకా బొత్తాలు పెట్టుకుని ఉంది. దగ్గరికి తీసుకుంటే ఒంటి నుంచి అగరొత్తుల వాసన గుప్పుమంది.

"గుళ్ళోంచి వస్తున్నావా?"

"ఆ... గుళ్ళోంచే. పద, నడుద్దాం. నిలబడొద్దు."

నడిచారు. ఓంగ్పిన్ వీధి ఆదివారం కళతో కిటకిటలాడుతోంది. బంగారం కొట్ల అద్దాలు, వేలాడే బాతులు, నేల మీద పరిచిన పుచ్చకాయలు. గ్లెండా ఆమె చెయ్యి వదల్లేదు. ప్రతి మూలా చూపిస్తూ ఏదో ఒకటి గుర్తుచేస్తోంది.

"ఇక్కడే కదే నువ్వు కప్ప టీచరు గొడుగు కాలవలో పడేసింది?"

"నేనా? పడేసింది నువ్వు! దెబ్బలు తిన్నది నేను."

"నీ వీపు అందుకే పుట్టింది మరి."

పెర్లిటాకి కళ్ళు చెమర్చేంత నవ్వొచ్చింది. ఇన్నేళ్ళ కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఒక్కటే కాస్త వింతగా అనిపించింది. గ్లెండా కనిపించిన ప్రతి కొట్లోకీ దూరుతోంది. ఏమీ కొనదు. లోపల గోడ పక్కన కాసేపు నిలబడి, కోటు అంచులు రెండు చేతులతో దులుపుకుని, పెర్లిటా మణికట్టు పట్టుకుని గబుక్కున బయటికి లాక్కొస్తుంది. బయటికొచ్చాక మెడ అటూ ఇటూ తిప్పదు.

"వెనక్కి చూడకు," అంది ఒకసారి.

"ఎందుకే?"

"అప్పులవాళ్ళు," అని నవ్వింది. నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

మందుల కొట్టు లావ్ తాత ఇంకా బతికే ఉన్నాడు. ఎండిన వేళ్ళు, బెరళ్ళు, సీసాల్లో సముద్రగుర్రాలు... అదే కొట్టు, అదే ఘాటు. వాళ్ళిద్దరూ గడపలో అడుగు పెట్టేసరికి తాత తూకం చూస్తున్నవాడల్లా తలెత్తాడు. ముందు గ్లెండాని చూశాడు, తర్వాత పెర్లిటాని. ఆ తర్వాత ఇద్దరి వెనకా చూశాడు. చేతిలో త్రాసు కిందపెట్టాడు.

"లోపలికి రావద్దు, గ్లెండా."

"అదేమిటి తాతా, పాత చుట్టాలం..."

"ఇవాళ కాదు. నా కొట్లో కాదు." గొంతులో కోపం లేదు, భయం ఉంది. పెర్లిటా వైపు తిరిగి, "అమ్మాయ్, నీకు తెలిసే దీని వెంట తిరుగుతున్నావా?" అన్నాడు.

"ఏం తెలియాలి తాతా?"

"ముసలాడికి మతి చలించింది," అంటూ గ్లెండా ఆమెని వీధిలోకి లాగేసింది. వెనక చప్పుడైంది. వెనక్కి చూడొద్దన్న మాట మరిచి పెర్లిటా చూసింది. తాత గుప్పిళ్ళతో ఉప్పూ బియ్యమూ గడప మీద విసురుతున్నాడు.

అప్పుడే వాన అందుకుంది.

పరుగున నూడుల్స్ కొట్లోకి దూరారు. పొగలు కక్కే గిన్నెలు ముందుకొచ్చాయి. పెర్లిటా ఆకలిమీద ఉంది. గ్లెండా చెంచా ముట్టలేదు, తలుపు వైపే చూస్తోంది. వడ్డించే పిల్ల టీ పోస్తూ మామూలుగా అంది: "అక్కా, మీ ఆవిణ్ణి కూడా లోపలికి రమ్మనండి. వానలో తడుస్తోంది పాపం."

"ఎవర్ని?" అంది పెర్లిటా.

ఆ పిల్ల అద్దంలోంచి తొంగిచూసింది. మొహం చిట్లించింది. "ఇప్పుడే ఉందే... వెళ్ళిపోయినట్టుంది."

గ్లెండా తన కుర్చీని తలుపుకి దూరంగా జరుపుకుంది.

"గ్లెండా, నీకు ఒంట్లో బాలేదా? ఏం జరిగిందో చెప్పు."

గ్లెండా గిన్నె పక్కకి నెట్టింది. తర్వాత మొహం ఎత్తి, "నేను నీకు అన్యాయం చేశానే," అంది. "ఆ రోజు లేచి వెళ్ళిపోయాను. రొడెల్ పోతే కూడా రాలేదు. నన్ను క్షమించానని ఒక్కమాట అను."

ఈ మాట కోసం ఎన్నేళ్ళు ఎదురుచూసిందో ఆమెకే తెలుసు. "ఎప్పుడో క్షమించాను పిచ్చిదానా."

"అయితే నన్ను మీ ఇంటికి పిలువు. నీ ఇల్లు నేనెప్పుడూ చూడలేదు."

"పిలవడమేమిటి, పద!"

"అలా కాదు. నోటితో పిలువు. మా ఇంటికి రండి అను."

రండి... ఆ మర్యాద పెర్లిటాకి నవ్వు తెప్పించింది. చిన్నప్పుడు ఆడుకున్న పెద్దమనుషుల ఆటలా ఉంది. లేచి, గౌను అంచు పట్టుకుని వంగి, "మా ఇంటికి రండి, దయచేయండి," అంది.

గ్లెండా నవ్వలేదు. కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది.

కాలవ మీది వంతెన దాటి పెర్లిటా ఇల్లున్న శాంటా క్రూజ్ వైపు నడిచారు. ఒకటే గొడుగు. కాలవ నీళ్ళు నల్లగా పొంగుతున్నాయి, బురద కంపు. సందుల్లో జనం పలచబడ్డారు. వెలుతురు తగ్గుతోంది. గ్లెండా ఇప్పుడు ఏమీ గుర్తుచేయడం లేదు. పెర్లిటా మాట్లాడుతూనే ఉంది. రొడెల్ ఆఖరి రోజుల గురించి, ఒంటరిగా వండుకుని ఒంటరిగా తినడం గురించి, ఇంట్లో మనిషి అలికిడి లేకపోతే గోడలు ఎలా మీద పడతాయో ఆ సంగతి. గ్లెండా ఊ కొడుతోంది.

ఇల్లు చిన్నదే. కింద ఒక గది, వంటిల్లు. చెక్కమెట్లెక్కితే పైన పడకగది. పెర్లిటా కాఫీ కలపబోతే గ్లెండా, "ఇల్లు చూడనీ," అని అన్ని మూలలూ తిరిగింది. తడిసిన కోటు విప్పి కుర్చీ మీద వేసింది. లోపల తెల్లటి జుబ్బా, ముతక గుడ్డది.

వంటింట్లోంచి కాఫీ కప్పులతో వచ్చేసరికి గ్లెండా గది మధ్యలో నిలబడి, చేతులు జోడించి, మెల్లగా ఎవరితోనో అంటోంది:

"ఇది మంచి ఇల్లు. ఇక్కడే ఉండండి. మీకిక్కడ ఏ లోటూ ఉండదు."

"ఎవరితోనే మాట్లాడుతున్నావు?"

గ్లెండా ఉలిక్కిపడింది. "నీతోనే. మంచి ఇల్లు అంటున్నా... నేను వెళ్ళాలి పెర్లీ."

"ఇప్పుడేగా వచ్చావు! కాఫీ..."

కాఫీ ముట్టలేదు. గొడుగు తీసుకోలేదు. కోటు కూడా మరిచిపోయింది. తలుపు దాటి వానలోకి దాదాపు పరిగెత్తింది. పెర్లిటా గుమ్మంలో నిలబడి పిలిచింది. సందు మలుపు తిరిగేదాకా గ్లెండా ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

పెర్లిటా నిట్టూర్చి లోపలికొచ్చింది. కోటు నీళ్ళు కారుతోంది. ఆరేద్దామని దులిపితే జేబులోంచి ఏదో రాలింది.

తెల్లకాగితంలో చుట్టిన చక్కెర బిళ్ళలు. ఒక ఎర్రదారం ముక్క.

పెర్లిటా వాటిని ఏరి అరచేతిలో పెట్టుకుంది. చైనావాళ్ళ ఇంట్లో పుట్టిన ఎవరికైనా అవేమిటో చెప్పక్కర్లేదు. చావింటికి వచ్చినవాళ్ళ చేతిలో పెట్టేవి. బిళ్ళ తిని, దారం దారిలో పారేసి, ఇంటికి పోవాలి. నేరుగా మాత్రం పోకూడదు. నేరుగా పోతే పోయినవాళ్ళు వెంటపడి ఇంటిదాకా వచ్చేస్తారు. నడుమ ఏ కొట్లోనో, జనం ఉన్నచోట ఆగి, దులుపుకుని పోవాలి. ఊరందరూ చేసేదే. కానీ ఎవరూ... ఎంత పగవాళ్ళయినా... దాన్ని తీసుకెళ్ళి ఇంకొకరి ఇంట్లో దులుపుకోరు.

తెల్లటి ముతక జుబ్బా, చావింటి బట్ట. అగరొత్తుల వాసన. కొట్టుకొట్టుకీ ఆగడం.

మా ఇంటికి రండి అని పిలవమన్నది.

పెర్లిటా మేడ మీదికి వెళ్ళి, మంచం మీద కూర్చుని గ్లెండాకి ఫోను చేసింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేసింది. మళ్ళీ.

ఎప్పటికో ఎత్తింది. అటునుంచి ఊపిరి చప్పుడు.

"ఎవరు పోయారు, గ్లెండా?"

అటు తలుపు మూసిన చప్పుడైంది.

"ఎవరు?"

"మా అత్త." గొంతు పీలగా ఉంది. "పొద్దున్నే మట్టిచేశాం. నేనింటికి పోలేదు. తిన్నగా నీ దగ్గరికే వచ్చాను."

"నిన్ననే ఫోను చేశావు నువ్వు. పాడె లేవకముందే... నన్నే అనుకుని పెట్టుకున్నావు."

"నా మాట విను పెర్లీ. ఆఖరి రాత్రి ఆవిడ నన్ను పిలిచింది. తెల్లవార్లూ పిలిచింది. నేను వెళ్ళలేదు. విసిగిపోయి తలుపు గడియ పెట్టేసుకున్నాను. పొద్దునకి పోయింది. నన్ను వదలదు. శవం దగ్గర కూర్చున్నప్పుడే తెలిసిపోయింది... మా ఇంట్లో మనవరాలికి ఇంకా నెల నిండలేదే. దాన్ని ఎలా పెట్టుకుని... కొట్లలో దులుపుదామని నిజంగా చూశాను. పోలేదు. నిన్ను కడదాకా తీసుకుపోవాలని అనుకోలేదు..."

"క్షమించానని అనిపించుకున్నావు."

అటునుంచి ఏడుపు మొదలైంది.

"నేనే ఎందుకు?"

గ్లెండా ఏడుస్తూనే చెప్పింది. "నీకెవరున్నారు పెర్లీ? భర్త లేడు. పిల్లల్లేరు. నీ ఇంట్లో ఎవరికేం అవుతుంది?"

పెళ్ళివిందులో గ్లెండా బల్ల దగ్గర నుంచి లేచి వెళ్ళిపోయిన రోజు కూడా పెర్లిటాకి ఇంత నొప్పి పుట్టలేదు. ఇందాక వంతెన మీద తను చెప్పుకున్నదంతా, ఒంటరితనం, గోడలు, అన్నీ... గ్లెండా ఊ కొడుతూ విన్నది ఓదార్చడానికి కాదు.

"ఆవిడ నిన్నేం చెయ్యదు," గ్లెండా గబగబా అంటోంది. "కింద గదిలో కిటికీ దగ్గర ఒక కుర్చీ వెయ్యి. అక్కడే పడుంటుంది. పైకి కూడా రాదు. మోకాళ్ళు పోయి ఎనిమిదేళ్ళయింది, మెట్టు ఎక్కలే..."

కింద, మొదటి మెట్టు కిర్రుమంది.



"గ్లెండా..." గొంతు గుసగుసకి పడిపోయింది. "మెట్లెక్కుతోంది."

"లేదు. ఎక్కలేదు. మోకాళ్ళు..."

కిర్రు. కిర్రు.

"ఎక్కుతోంది."

"ఎలా? ఎలా ఎక్కుతోంది? ఈడుస్తూనా? కర్ర చప్పుడుందా?"

పెర్లిటా విన్నది. తేలికైన పాదాలు. తడి పాదాలు. సగం దూరం వచ్చి ఆగాయి... దిగాయి... మళ్ళీ ఎక్కాయి. ఈసారి ఇంకో మెట్టు పైకి.

"పరుగున," అంది.

గ్లెండా చిన్నగా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు అంది:

"పెర్లీ... అది మా అత్త కాదు."

ఫోను చేతిలోంచి జారిపోయింది. దీపం ఉంది, వెలుగుతూనే ఉంది. తలుపు అవతల మెట్ల దగ్గర చీకటి. ఆ చీకట్లోంచి కాలవ బురద కంపు మెల్లగా గదిలోకి పాకుతోంది. చప్పుడు ఆగింది. ఆఖరి మెట్టు మీద ఆగింది.

ఎలా లేచిందో, ఆ మెట్ల మీంచి ఎలా దిగిందో పెర్లిటాకి తర్వాత ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, గోడకి వీపు రాసుకుంటూ దిగింది. చెంపకి దగ్గరగా ఎవరిదో ఊపిరి తగిలింది. అంతే గుర్తు.

వీధిలో వాన సన్నగా పడుతోంది. చీకటి పడింది గానీ ఇళ్ళల్లో అందరూ మెలకువగానే ఉన్నారు. టీవీలు మోగుతున్నాయి, చేపలు వేగుతున్నాయి. పక్కింటి నెనీ కిటికీలోంచి చూసి కేకేసింది:

"వదినా! ఆ వానలో చెప్పుల్లేకుండా ఏమిటది? లోపలికి రా, అన్నం తిందువు గాని!"

తలుపు తీసి, ఒక చేత్తో గరిటె పట్టుకుని, ఇంకో చేత్తో రమ్మంటోంది. ఆమె వెనక వెచ్చటి పసుపు వెలుగు. ఒక్క అడుగు చాలు. ఒక్క మాట చాలు.

పెర్లిటా ఆ అడుగు వెయ్యబోయి ఆగిపోయింది. నెనీ గడప దాటితే తను గ్లెండా అవుతుంది.

"వద్దు, నెనీ. తలుపేసుకో."

"అదేం మాట? ఏడుస్తున్నావా?"

"తలుపేసుకోమన్నానా! నన్ను పిలవకు!"

నెనీ మొహం మాడిపోయింది. తలుపు మూసుకుంది. ఆ వీధిలో పెర్లిటాని ఎరగని ఇల్లు లేదు. ఆ రాత్రి ఏ గడపా ఎక్కడానికి లేదు. నడవడం మొదలుపెట్టింది. కాళ్ళు వాటంతటవే వంతెన దాటించి, బినోందోకి, ఇనుప కొట్టు పక్క సందులో గ్లెండా ఇంటి ముందుకి తీసుకొచ్చాయి.

కటకటాల తలుపు అవతల గ్లెండా నేల మీద కూర్చుని ఉంది. పెర్లిటాని చూసి లేవలేదు.

"తిరిగి ఇవ్వడానికి వచ్చావా?" అంది.

"కాదు. లోపలికి రాను. భయపడకు." పెర్లిటా గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఒకటే చెప్పు. మీ అత్త కాకపోతే, ఆ నూడుల్స్ కొట్టు బయట నిలబడింది ఎవరు?"

గ్లెండా తల అడ్డంగా ఊపింది. కళ్ళనీళ్ళు కూడా రావడం లేదు, ఎండిపోయినట్టున్నాయి. "మా అత్త ఎక్కడికీ రాలేదు పెర్లీ. నువ్వు రండి అన్నప్పుడు విన్నది ఇంకెవరో. ఇంట్లోంచి కదల్లేదు. నేను వచ్చేసరికి లోపలే ఉంది. ఇందాకట్నుంచి పిలుస్తూనే ఉంది..."

మాట పూర్తవుతుండగానే ఇంట్లో, లోపలెక్కడో గదిలోంచి, ముసలి గొంతు, సాగదీసి, ఓపిగ్గా: "గ్లెండా..."

ఇద్దరూ విన్నారు. ఇద్దరూ కదల్లేదు. పైన పసిపిల్ల ఏడుపు అందుకుంది.

పెర్లిటాకి సంతోషం కలగాలి. కలగలేదు. చిన్ననాటి స్నేహాన్ని చంపుకుని గ్లెండా ఏమీ సాధించలేదు, అంతే. ఇక ఆమెతో చెప్పడానికి ఒక్క మాట కూడా లేదనిపించింది. వెనుదిరిగింది.

"పెర్లీ!" గ్లెండా కటకటాలు పట్టుకుని లేచింది. ఆమె చూపు పెర్లిటా మొహం మీద లేదు, కిందికి, ఎడమ పక్కకి ఉంది. "ఎవరి చెయ్యి పట్టుకున్నావు?"

పెర్లిటా కిందికి చూడలేదు.

చూడక్కర్లేదు. వంతెన దగ్గర్నుంచీ తెలుస్తూనే ఉంది. ఎడమ అరచేతిలో చిన్న వేళ్ళు. చల్లగా ఉంటాయనుకుంది. లేవు. వెచ్చగా, మెత్తగా, తడిగా, ఆమె వేళ్ళ మధ్య అల్లుకుని ఉన్నాయి. విడిపించుకోవాలని చూసిన ప్రతిసారీ కాస్త బిగుసుకున్నాయి. రొడెల్ పోయాక తన చెయ్యి ఎవరూ అంతసేపు పట్టుకోలేదు.

వీధి చివరిదాకా నడిచింది. అక్కడ కుడివైపు తిరిగితే చర్చి, ఎడమవైపు తిరిగితే వంతెన. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కళ్ళు మూసుకుని తిరగగల వీధులు అవి. చర్చి వైపు అడుగు వేసింది.

చేతిని ఎవరో మెల్లగా, మారాం చేస్తున్నట్టు లాగారు.

బంగారం కొట్టుకీ హోపియా మిఠాయిల కొట్టుకీ మధ్య, మధ్యాహ్నం తామిద్దరూ నవ్వుతూ దాటిన గోడ ఉండాల్సిన చోట, ఒక సందు ఉంది. ఇరుకుగా, లోపలికి పల్లంగా దిగుతూ. దాని చివర ఎవరింట్లోనో దీపం వెలుగుతోంది, గుమ్మంలో వానకి తడిసిన ఆడమనిషి ఒకామె నిలబడి ఉంది. అన్నం ఉడుకుతున్న వాసన వస్తోంది. లోపలి నుంచి ఒక ఆడగొంతు, ఎవరిదో తెలియని గొంతు, ఎంతో ప్రేమగా అంది:

"వచ్చారా? రండి, రండి. దయచేయండి."